పదకొండో నంబరు హాజరు

సీటు మీద శాలువా ఉంది. శాలువా కింద సంచీ ఉంది. వసుంధర టీచర్ లేరు. పోయిన వారం అక్కడ ఆపాను.

మేము మొత్తం ఇరవై ఒక్కరం. బందరు, గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ వైపు బడుల్లో పనిచేసి రిటైరైన టీచర్లు, వాళ్ళ భార్యలు, భర్తలు కలిపి ఇరవై మంది. ఇరవై ఒకటో మనిషిని నేను, ప్రియాంకని. నాకు పదహారేళ్ళు. ఎదురుమొండి దీవిలో చేపల వేటకు వెళ్ళేవాళ్ళ పిల్లని. మోకాళ్ళు సహకరించవు, తోడుగా ఒక పిల్ల కావాలని మా ఇంట్లో చెప్పి, తన డబ్బుతో టిక్కెట్టు కొని వసుంధర టీచర్ నన్ను ఈజిప్టు తీసుకొచ్చారు. ఆవేళ తెల్లవారుజామున నాలుగింటికి అస్వాన్ ఊళ్ళో బస్సెక్కాం. ఎడారిలో మూడున్నర గంటలు వెళ్తే అబూ సింబెల్ అనే చోట కొండను తొలిచి కట్టిన గుడి ఉంది. ఎండ ముదిరేలోపు చూసి వెనక్కి వచ్చెయ్యాలని యాత్రికులందరూ ఆ వేళకే బయల్దేరతారు. సగం దారిలో టీ కోసం బస్సు ఆగింది. టీచర్ చెయ్యి పట్టుకుని మెట్లు దింపుదామని ఆవిడ సీటు దగ్గరికి వెళ్ళాను. శాలువా ఎత్తి చూశాను.

నేను అరవలేదు. అరవడం నాకు రాదు. శాలువాను మళ్ళీ ఉన్నట్టే కప్పేశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. కప్పేస్తే కిందికి మనిషి వస్తుందనుకున్నానేమో.

బస్సు దిగాను. అదొక పొడుగాటి రేకుల షెడ్డు, ముందు బల్లలు, చుట్టూ ఇసుక. మా ఊరి ఇసుక తడిగా, నల్లగా ఉంటుంది. ఇది పచ్చి పసుపు రంగులో ఉంది, కంటికి అందినంత దూరం ఒక్క చెట్టు లేదు. సూర్యుడు అప్పుడే ఇసుకలోంచి పైకొస్తున్నాడు. మావాళ్ళందరూ బల్లల మీద కూర్చుని పులిహోర డబ్బాలు విప్పుతున్నారు. మమ్మల్ని తీసుకొచ్చిన గుడివాడ గిరిధర్ గారు పళ్ళెంలో టీ గ్లాసులు పెట్టుకుని అందరికీ ఇస్తూ వచ్చారు. ఆయనకు ముప్పై అయిదేళ్ళుంటాయి. తిరుపతికీ కాశీకీ బస్సులు నడిపి, దేశం దాటి తెచ్చిన మొదటి యాత్ర ఇదే.

చివరికి పళ్ళెంలో ఒక గ్లాసు మిగిలింది. పొగలు వస్తున్నాయి.

ఇంకో టీ ఎవరిదని గిరిధర్ గారు అడిగారు. ఆయన వేలుతో గాల్లో లెక్కపెట్టుకుని, వసుంధర మేడం గారు దిగలేదా అని నా వైపు చూశారు. తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో నాకే తెలియలేదు. ఆయన పళ్ళెం బల్ల మీద పెట్టి బస్సెక్కారు. ఎక్కినంత తొందరగా దిగారు. షెడ్డు వెనక బాత్రూముల వైపు పరుగెత్తారు. అక్కడ తలుపులు కొట్టిన చప్పుడు వినిపించింది.

తిరిగొచ్చేసరికి ఆయన మొహం మారిపోయి ఉంది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. అస్వాన్ హోటల్ ముందు ఆ చీకట్లో ఇరవైకి పైగా బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ తెల్లవే. టీచర్ తన సంచీ, శాలువా, కర్చీఫ్ నా చేతిలో పెట్టారు. "నువ్వు ముందెళ్ళి ఎడమ పక్క కిటికీ సీటుకి కర్చీఫ్ వెయ్యి. సూర్యుడు అటేపు వస్తాడు. నేను ఫ్లాస్కులో వేన్నీళ్ళు పోయించుకుని వస్తాను. ఈలోగా నంబరు పిలిస్తే నా బదులు చెప్పెయ్," అన్నారు.

అవనిగడ్డ బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాం. కర్చీఫ్ పడిన సీటు మనిషి కూర్చున్న సీటు కిందే లెక్క, ఎవరూ ముట్టుకోరు. ఈజిప్టు వచ్చినా మావాళ్ళకు ఆ అలవాటు పోలేదు. టీచర్ సీటు మీద నేను కర్చీఫ్ వేశాను, సంచీ పెట్టాను, ఎవరైనా కిటికీ తీస్తే దుమ్ము పడకుండా శాలువా కప్పాను. వెనక నుంచి చూస్తే మనిషి ముడుచుకుని పడుకున్నట్టే ఉంది. తర్వాత పులిహోర డబ్బాలతో చివరి వరసకు వెళ్ళి కూర్చున్నాను.

మాకు పెద్ద రఘునందన్ గారు. బందరులో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్ళు పిల్లల్ని ఎక్స్‌కర్షన్లకు తీసుకెళ్ళి ఒక్క పిల్లను కూడా తప్పిపోనివ్వలేదని ఆయనకు గర్వం. ఈ యాత్రకు కూడా బందరులో కొత్త హాజరు పట్టీ కొన్నారు. బస్సు ఎక్కిన ప్రతిసారీ ముందు నిలబడి, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని, పట్టీలోంచి తల ఎత్తకుండా నంబర్లు పిలుస్తారు. పదకొండు అన్నప్పుడు నేను చెప్పాను. "ప్రెజెంట్ సార్."

పట్టీలో నాకు నంబరు లేదు, టీచర్ తోడుగానే లెక్క. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా పేరు పిలిస్తే నాకు గొంతు వచ్చేది కాదు. క్లాసంతా నవ్వేది. వసుంధర టీచర్ మాత్రం నా నంబరు ముప్పై రెండు దగ్గరికి రాగానే తల ఎత్తి, నేనున్నానా అని చూసి, టిక్కు పెట్టేవారు. అయిదేళ్ళూ ఆవిడ చూస్తే చాలింది, నేను చెప్పనక్కర్లేకపోయింది. అలాంటి దాన్ని మొదటిసారి నోరు తెరిచి ఆవిడ కోసం అబద్ధం చెప్పాను.

చెప్పాక కళ్ళు మూసుకుపోయాయి. టీచర్ ఎక్కి ఉంటారనుకున్నాను. మా ఊళ్ళో చీకట్లో వేటకు వెళ్ళేటప్పుడు పడవలో మనిషి భుజం తాకి లెక్కపెడతారు. గాలిలో మాట ఎవరిదైనా కావచ్చు, భుజం మాత్రం ఒకరిదే ఉంటుందని మా నాన్నమ్మ సుబ్బాయమ్మ అంటుంది. అది తెలిసిన దాన్నే నేను. నాలుగడుగులు వేసి ఆ శాలువాను తాకలేదు.

షెడ్డు ముందు రఘునందన్ గారు హాజరు పట్టీ తెరిచారు. నీలం సిరాతో వేసిన టిక్కును గిరిధర్ గారికి చూపించారు.

"నాలుగింటికి పదకొండో నంబరు హాజరు. నా చేత్తో వేశాను. అంటే బస్సెక్కింది. ఎక్కిన మనిషి ఇప్పుడు లేదంటే దారిలో దిగింది. దారిలో తలుపు ఎక్కడ తీశావు?"

దారిలో ఒక్కచోటే తీశామని, చెక్‌పోస్టులో పోలీసు ఎక్కి చూసి దిగాడని గిరిధర్ గారు చెప్పారు. అప్పుడు లైట్లు వెయ్యలేదట, అందరూ నిద్రపోతున్నారని.

"లైటు వెయ్యలేదు. లెక్క చూసుకోలేదు. ఆవిడ బాత్రూం కోసం దిగి ఉంటుంది. నువ్వు తలుపేసుకుని వచ్చేశావు."

"దిగితే నాకు తెలియదాండీ? నేను తలుపు దగ్గరే ఉన్నాను."

"నిద్రపోలేదా నువ్వు?"

గిరిధర్ గారు కళ్ళు నలుపుకున్నారు. ముందు రోజు రాత్రి మా అందరి పాస్‌పోర్టుల పని మీద ఆయన పడుకోలేదని నాకు తెలుసు. రఘునందన్ గారు జేబులోంచి ఫోను తీశారు. బందరులో టీచర్ల సంఘం వాళ్ళకు ఇప్పుడే చెప్తానని, ఒక ఆడమనిషిని ఎడారిలో దింపేసి వచ్చారని ఊరందరికీ తెలియాలని అన్నారు. గట్టిగా కూడా అనలేదు. బడిలో సస్పెండు చేసిన పిల్లాడి తండ్రితో మాట్లాడినట్టు మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా అన్నారు.

గిరిధర్ గారు బల్ల మీద కూర్చుండిపోయారు. "నేనే కునుకు తీశానేమోనండి," అన్నారు. "నాకు తెలియకుండా దిగారేమో."

ఆయన చెయ్యని తప్పును ఆయనే నమ్మడం మొదలుపెట్టారు. అది చూస్తూ నిలబడటం నా వల్ల కాలేదు.

"సార్, పదకొండు నేను చెప్పాను."

గాలికి నా మాట నాకే సరిగ్గా వినపడలేదు. రఘునందన్ గారు ఫోనులో నంబరు వెతుకుతూనే ఉన్నారు. పక్కనున్న శేషాచలం మాస్టారు చెయ్యెత్తారు. ఆయన చల్లపల్లిలో లెక్కలు చెప్పేవారు, ఇరవై మందిలో ఆయనొక్కరే నాతో రోజూ ఏదో ఒక వేళాకోళం ఆడేవారు.

"ఆగండి మాస్టారూ. పిల్ల ఏదో అంటోంది."

అందరూ నా వైపు తిరిగారు. నలభై కళ్ళు. నేను ఇసుకను చూస్తూ చెప్పాను. "టీచర్ గారి నంబరు పిలిస్తే ప్రెజెంట్ అని నేను చెప్పాను సార్. టీచర్ గారు అప్పటికి బస్సెక్కలేదు. వెనక వస్తానన్నారు. గిరిధర్ గారి తప్పేం లేదు."

రఘునందన్ గారు కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూశారు.

"దొంగ హాజరు వేయించావా? నా చేత?"

"అవును సార్."

"ఎప్పటి నుంచి తెలుసమ్మా నీకు, ఆవిడ లేదని?"

"బస్సు ఆగినప్పటి నుంచి సార్."

"అంటే మేం ఈ టీలు తాగుతున్నంతసేపూ."

నేను తల ఊపాను. కొట్టినా బాగుండేది. ఆయన హాజరు పట్టీలో ఆ టిక్కును చూస్తూ నిలబడ్డారు. ఎవరో ఆడవాళ్ళు, ఇంత పని చేసి గుడ్లప్పగించి నిలబడిందే అన్నారు. పెంపకం గురించి కూడా ఒక మాట వినిపించింది.

అప్పుడు శేషాచలం మాస్టారు గొంతు సవరించుకున్నారు. కైరోలో మ్యూజియం దగ్గర తన భార్య ఇంకా చెప్పులు వేసుకుంటుంటే ఆమె నంబరుకు తనే పలికానని, లక్సర్‌లో తన నంబరుకు ఇంకొకరు పలికారని చెప్పారు. "ఈ పని చేసిన పిల్లలకి ముప్పై ఏళ్ళు తొడపాశం పెట్టాం మాస్టారూ. మనకెవరు పెడతారు?" అన్నారు. ఇద్దరు ముగ్గురు చూపులు తిప్పుకున్నారు. పెంపకం మాట అన్నావిడ కూడా.

ఈలోగా గిరిధర్ గారు హోటల్‌కు ఫోను చేశారు. మా గైడు మహమూద్ గారు మాట్లాడి ఇంగ్లీషులో మాకు చెప్పారు. టీచర్ గదిలో లేరు. నాలుగుకు పది నిమిషాల ముందు వంటింట్లో వేన్నీళ్ళు తీసుకుని, గేటు దాటి బస్సుల వైపు నడవడం కాపలా మనిషి చూశాడు. తర్వాత చూడలేదు.

రఘునందన్ గారు ఆలోచించారు. అలవాటు కొద్దీ మునివేళ్ళ మీద ఒక్కో కారణం లెక్కపెట్టారు. మన బస్సు ముందు అద్దానికి పసుప్పచ్చ బ్యానర్ కట్టాం, మూరెడేసి తెలుగు అక్షరాలు. ఆ వరసలో తెలుగు బ్యానరున్న బస్సు మనదొక్కటే. చదువు చెప్పిన మనిషి అది చూసి కూడా ఎక్కలేదంటే రావడం ఇష్టం లేక ఎక్కలేదు. నిన్న సాయంత్రం మెట్ల దగ్గర తూలితే జాగ్రత్తగా నడవమని తను కాస్త గట్టిగా అన్న మాట నిజమే, దానికి కోపం వచ్చి ఉంటుంది. హోటల్ పక్కనే నది, ఆ ఒడ్డున ఏ బెంచీ మీదో కూర్చుని ఉంటుంది. హోటల్ వాళ్ళు ఒడ్డంతా చూస్తారు. మనం పది నిమిషాల్లో బయల్దేరదాం.

అందరూ అవునన్నారు. అది నిజమైతే బాగుండునని అందరికీ ఉంది. డబ్బాల మూతలు పడుతున్నాయి.

నేను మాత్రం కదలలేదు. బ్యానర్ అక్షరాలు మూరెడు కాదు, మనిషంత ఉన్నా టీచర్ చూడలేరు. ఆ సంగతి ఆ ఇరవై మందిలో నాకొక్కదానికే తెలుసు. చెప్పనని మాటిచ్చాను కూడా.

శ్రావణ మాసంలో టీచర్ నన్ను విజయవాడలో కంటి డాక్టరు దగ్గరికి తోడు తీసుకెళ్ళారు. ఆవిడ కంటి లోపలి పొర ఎప్పటి నుంచో కొంచెం కొంచెంగా పోతోందని, మొదట చీకట్లో చూపు పోతుందని, తర్వాత పక్కల నుంచి మూసుకుంటూ వస్తుందని, చివరి మెట్టు ఎప్పుడు దిగుతుందో చెప్పలేమని ఆయన అన్నారు. బయటికొచ్చాక టీచర్ బస్టాండులో నాకు జామకాయ కొనిచ్చారు. యాత్రకు వచ్చేవాళ్ళందరూ కళ్ళూ గుండే బాగున్నాయని సంతకం పెట్టాలి, పెట్టకపోతే రానివ్వరు, దాచిపెట్టారని తెలిస్తే మధ్యలో వెనక్కి పంపుతారు. ఆవిడ అప్పటికే సంతకం పెట్టేశారు.

"నాకు చూడాల్సింది ఒక్కటే మిగిలింది ప్రియాంకా. అది చూశాక నువ్వే అందరికీ చెప్పు," అన్నారు.

ఆ ఒక్కటీ ఆ గుడే. ఏడో తరగతిలో ఆవిడ ఆ పాఠం చెప్పిన రోజు నా డైరీలో ఉంది. నదికి ఆనకట్ట కడితే నీళ్ళు వెనక్కి నిలిచి గుడి మునిగిపోతుందని తెలిసి, కొండతో సహా ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ నంబరు వేసి, పైన మళ్ళీ పేర్చారట. ఆ పాఠం చెప్పేటప్పుడు టీచర్ పుస్తకం మూసేశారు. ఆవిడ పదమూడేళ్ళప్పుడు దివిసీమ ఉప్పెనలో వాళ్ళ ఊరు పోయింది. "నీళ్ళొస్తున్నాయని ముందే తెలుసుకుని, దేవుణ్ణి కూడా మోసుకుంటూ పైకి నడిచినవాళ్ళున్నారమ్మా. మాకు ఎవరూ చెప్పలేదు," అన్నారు. ఆ గుడి ముందు నిలబడి ఆ అతుకులు తన కళ్ళతో చూడాలని అప్పుడే అన్నారు.

చెప్తే ఆవిడని వెనక్కి పంపేస్తారు. చెప్పకపోతే నది ఒడ్డున వెతుకుతారు. ఆవిడ నది ఒడ్డున ఉంటే, ఆ చీకట్లో ఒడ్డు ఎక్కడ అయిపోయి నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో ఆవిడకు తెలియదు.

రఘునందన్ గారు బస్సు మెట్టు మీద కాలు పెట్టారు. నేను వెళ్ళి ఆయన చొక్కా పట్టుకున్నాను. ఎప్పుడూ ఎవరి చొక్కా పట్టుకోలేదు.

"టీచర్ గారికి రేచీకటి సార్."

ఆయన అలాగే ఆగిపోయారు.

"చీకట్లో ఏమీ కనపడదు సార్. బ్యానర్ కనపడదు, బస్సు కూడా కనపడదు. చప్పుడును బట్టి నడుస్తారు. కోపం వచ్చి కాదు సార్. మీ మీద కోపం లేదు. నిన్న మెట్ల దగ్గర కూడా వెలుతురు లేకనే."

మెట్టు మీద కాలు కిందికి దింపారు. తర్వాత నాతో కాదు, శేషాచలం మాస్టారితో కాదు, ఎవరితోనో అన్నట్టు అన్నారు.

"నేను బందరు రాకముందు నా కింద ఎనిమిదేళ్ళు పనిచేసింది. సాయంత్రం స్టాఫ్ మీటింగు అంటే ఎప్పుడూ ఉండేది కాదు. పంటు దాటిపోతుందండీ అనేది. ఆఖరి పంటు ఏడింటికి కదా, నాలుగున్నరకే పరుగేమిటని మెమో ఇచ్చాను. రెండుసార్లు ఇచ్చాను. ఒక్కసారైనా చెప్పలేదు."

టీచర్ కూడా మా దీవిలోనే ఉండేవారు. బడి నుంచి రావాలంటే వంతెన లేదు, పంటు అనే బల్లకట్టు మీద ఏరు దాటాలి. చలికాలం సాయంత్రాలు పంటు ఎక్కేటప్పుడు టీచర్ నా భుజం మీద చెయ్యి వేసేవారు. దిగేదాకా తీసేవారు కాదు. నేనంటే ఇష్టం అనుకునేదాన్ని. డైరీలో కూడా అలాగే రాసుకున్నాను. విజయవాడలో డాక్టరు మాట విన్నాక ఆ పేజీలు మళ్ళీ చదివాను. కొట్టెయ్యలేదు.

రఘునందన్ గారు హాజరు పట్టీని సంచీలో పెట్టేసి మహమూద్ గారి వైపు తిరిగారు. ఆయన ఇంగ్లీషు వాక్యాలు ఎప్పుడూ వ్యాకరణం పుస్తకంలోంచి వచ్చినట్టుంటాయి. ఈసారి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఆవిడ చీకట్లో చూడలేరు, ఏ బస్సయినా ఎక్కి ఉండొచ్చు, నది కాదు, బస్సులు వెతకండి.

మహమూద్ గారు ఒకరి తర్వాత ఒకరిని ఫోనులో పట్టుకున్నారు. వేరే గైడ్లు, డ్రైవర్లు. మాకు భాష తెలియదు కాబట్టి ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాం. మూడో ఫోనుకు తల అడ్డంగా ఊపారు. నాలుగో దానికి కూడా. అయిదో ఫోనులో ఎదుటివాళ్ళు ఏదో పొడుగ్గా చెప్పారు. ఆయన మధ్యలో రెండుసార్లు ఆపి అడిగారు. తర్వాత ఇంకెక్కడికో చేశారు. పెట్టేసి, నా వైపు చూసి బొటనవేలు ఎత్తారు.

టీచర్ మా పక్క బస్సెక్కారు. అది స్పెయిన్ వాళ్ళది. ఖాళీ సీటు తడుముకుని కూర్చున్నారు. బస్సు కదిలి, చుట్టూ మాటలు మొదలయ్యాక గానీ అది మనది కాదని తెలియలేదు. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగగానే దిగిపోయారు. తన బస్సు వెనక వస్తోందని, వాళ్ళు వెళ్ళొచ్చని చెప్పారట. మా బస్సు అప్పటికే ముందు దాటిపోయిందని ఆవిడకు తెలియదు. అప్పటి నుంచి అక్కడే పోలీసుల బల్ల మీద కూర్చుని ఉన్నారు. చలిగా ఉంది లోపలికి రమ్మన్నా రాలేదట. లోపల కూర్చుంటే బస్సు తనను చూడదని చేతులతో చెప్తున్నారట. ఇప్పుడు కూడా ఆరుబయటే, ఎండలోనే కూర్చుని ఉన్నారట.

శేషాచలం మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ఈపాటికి ఆ పోలీసులకి మధ్యధరా సముద్రం పటం గీయించి ఉంటుంది," అన్నారు. కొందరు నవ్వారు, కొందరు ముక్కులు ఎగబీల్చారు. గిరిధర్ గారు బల్ల మీద మిగిలిపోయిన ఆ టీ తీసుకుని, చల్లారిపోయిందని కూడా చూడకుండా ఒక్క గుక్కలో తాగేశారు.

షెడ్డు యజమాని దగ్గర ఒక కారుంది. గిరిధర్ గారు దాంట్లో వెళ్ళి తీసుకురావడానికి గంటకు పైగా, మళ్ళీ వెనక్కి గంటకు పైగా పడుతుంది. అందాకా ఎండ ముదిరిపోతుందని ఎవరో సణిగారు. రఘునందన్ గారు మూడు వేల ఏళ్ళు నిలబడిన గుడి ఇంకో మూడు గంటలు నిలబడుతుందని, తొందరున్నవాళ్ళు నడిచి వెళ్ళొచ్చని అన్నారు. సంతకం సంగతి ఎత్తలేదు. ఎత్తరని నాకు ఆయన మొహం చూస్తే అనిపించింది. ఆ ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి ఏడవాలని, నవ్వాలని రెండూ అనిపించాయి. గుడి చూస్తారు. టీచర్ గుడి చూస్తారు.

మహమూద్ గారు ఫోను నా చేతికిచ్చారు. చెక్‌పోస్టు వాళ్ళు టీచర్‌కి ఇచ్చారని, ఆవిడ నాతోనే మాట్లాడతానంటున్నారని చెప్పారు. షెడ్డు పక్కన మాట తెగిపోతోందని ఇసుకలోకి నాలుగడుగులు నడిచాను. వెనక నుంచి ఎండ తగులుతోంది. నా నీడ ముందు పడి, అయిదారు తెడ్లు వరసగా పెట్టినంత పొడుగ్గా ఉంది.

అటు నుంచి గాలి హోరు వినిపించింది. తర్వాత టీచర్ గొంతు.

"ముప్పై రెండు."

ఇన్నేళ్ళూ ఆవిడ తల ఎత్తి చూసి టిక్కు పెట్టేవారు. ఫోనులో ఎలా చూస్తారు? నేనే చెప్పాలి.

"ప్రెజెంట్ టీచర్."

"అబ్బో, ఎంత గట్టిగా వచ్చిందీ," అన్నారు. నవ్వారు కూడా. "చెప్పేశావా వాళ్ళకి?"

"చెప్పేశానండి. తప్పయిపోయింది టీచర్. మాటిచ్చి చెప్పేశాను."

"ఏడవకు. నువ్వు చెప్పబట్టే కదా దొరికాను. మాస్టారు ఏమన్నారు?"

మూడు గంటలు ఆగుతామన్నారని, గుడికి అందరం కలిసి వెళ్తామని, గిరిధర్ గారు కారులో వస్తున్నారని ఆపకుండా చెప్పాను. జీవితంలో అంత పొడుగ్గా ఎప్పుడూ మాట్లాడలేదు. అటు నుంచి గాలి హోరు ఒక్కటే వినిపించింది. మాట తెగిపోయిందేమోనని టీచర్, టీచర్ అని పిలిచాను.

"ఉన్నానమ్మా," అన్నారు. గొంతు తగ్గింది. పక్కన ఎవరూ వినకూడదని మాట్లాడినట్టుంది. "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. మీరున్న చోట తెల్లారిందా?"

నేను నా నీడను చూశాను. తల తిప్పి సూర్యుణ్ణి చూశాను. ఇసుకకు బారెడు పైన, కళ్ళు చెదిరేట్టు ఉన్నాడు. షెడ్డు ముందు అందరూ చేతులు అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తున్నారు.

"టీచర్, మీకక్కడ..." అన్నాను.

"ఇక్కడింకా చీకటిగానే ఉంది ప్రియాంకా," అన్నారు టీచర్. "మొహానికి మాత్రం వెచ్చగా తగులుతోంది."